నీలగిరిలో లైలాక్

లైలాక్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పువ్వు కాదు, చీర. గద్వాల చీరలు పరిచినా, పోచంపల్లి చీరలు పరిచినా, దుకాణంలో అబ్బాయి "ఇది లావెండర్ మేడమ్, ఇది లైలాక్" అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగామా, మడత పక్కన పెట్టి ఇంకో చీర తీస్తాడు. మా అమ్మ అయితే ఈ గొడవంతా లేకుండా రెంటినీ కలిపి "పలచటి వంగపండు రంగు" అని ఒక్కమాటలో తేల్చేసేది.

ఆ రంగుకి పేరిచ్చిన పువ్వు ఒకటుందనీ, చలిదేశాల్లో వసంతం వచ్చిందనడానికి అదే గుర్తనీ నాకు డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే రోజుల్లో తెలిసింది. 1865 ఏప్రిల్లో అబ్రహాం లింకన్ హత్య జరిగితే, వాల్ట్ విట్మన్ ఆయన కోసం రాసిన శోకగీతంలో అడుగడుగునా లైలాక్ గుత్తులే. 1922లో వచ్చిన ఎలియట్ 'వేస్ట్ లాండ్' తెరవగానే ఏప్రిల్ నెల మీద ఒక నిష్ఠూరం, ఆ వెంటనే లైలాక్. పాఠం వింటున్న మాకు లోపల్లోపల నవ్వు. ఆయనగారి ఏప్రిల్లో మంచు కరుగుతోంది. మా నల్లగొండ ఏప్రిల్లో బండలు పగిలే ఎండ, బోరింగు కొడితే నీళ్ళకు బదులు గాలి! నిష్ఠూరమాడే హక్కు ఎవరికి ఎక్కువ ఉందో మీరే చెప్పండి.

తర్వాత పెళ్ళి, పిల్లలు, కథలు, నవలలు... లైలాక్ మాటే మరిచిపోయాను. ఇల్లు కట్టుకున్నాక ముందు నాలుగు గజాల జాగా మిగిలింది. అప్పుడు అమెరికాలో ఇల్లినాయిస్‌లో ఉండే మా చిన్నమ్మ కూతురు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపించింది. నడుమెత్తు కూడా లేని గుబురు మొక్క, దాన్నిండా ఊదారంగు గుత్తులు. "అక్కా, ఇది లైలాకే. కాకపోతే పొట్టి రకం. వసంతంలో ఒకసారి పూసి, కాస్త ఆగి, మళ్ళీ ఎండాకాలం నుంచి చలి పడేదాకా పూస్తుంది. నువ్వూ ఒకటి తెప్పించి పెట్టుకోరాదూ?" అని రాసింది. ఇక ఊరుకుంటానా! తెప్పించుకోవడం సంగతి తర్వాత, ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని కూర్చున్నాను. తవ్వడం మొదలుపెడితే మొదటి గడ్డపార దెబ్బకే మన మాట తగిలింది.

లైలాక్ అన్న ఇంగ్లీషు మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచివాళ్ళకి అరబ్బీ నుంచి. అరబ్బులకి ఫారసీ నుంచి. ఫారసీలో అది 'నీలక్', అంటే నీలపుచాయ గలది. ఆ 'నీల్' ఎక్కడిదంటారా? సంస్కృతపు 'నీల'. మన నీలం, మన నీలిమందు! నకారం కాస్తా ప్రయాణంలో లకారమైంది. పుట్టింటి పేరు మార్చేసినా పోలిక పోని ఆడపిల్లలాగా, ఇన్ని దేశాలు తిరిగినా ఆ మాటలో నీలం మిగిలే ఉంది.

అన్నట్టు, నల్లగొండకు పూర్వం నీలగిరి అని పేరుండేదని జిల్లా చరిత్రల్లో రాస్తారు. 14వ శతాబ్దంలో బహమనీల చేతికి చిక్కాక నల్లగొండ అయిందట. నీలం నలుపైంది, గిరి గొండ అయింది. తర్వాత నిజాముల కాలంలో 1880ల దాకా సర్కారు రాతకోతలు ఫారసీలోనే సాగాయి. అంటే నీలగిరి అనే ఊళ్ళో కూర్చుని నీలక్ అనే మాట చదవగల మున్షీలు బోలెడుమంది ఉండి ఉంటారన్నమాట. పువ్వును మాత్రం ఎవరూ చూసి ఉండరు.

ఆ పువ్వు పుట్టిల్లు ఫారసు దేశం కూడా కాదు. పేరు అక్కడిది కదా అని చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. 19వ శతాబ్దంలోగానీ అది యూరపు తూర్పుకొసన, బాల్కన్ కొండల రాళ్ళ మధ్య తనంతట తాను పెరుగుతోందని శాస్త్రజ్ఞులు గుర్తించలేదు. అక్కణ్ణుంచి తురుష్కుల తోటల్లోకి వెళ్ళింది. సులేమాన్ సుల్తాను దర్బారుకి ఆస్ట్రియా రాయబారిగా వెళ్ళిన బుస్బెక్ అనే ఆయన 1562లో వియన్నాకి తిరిగొచ్చేటప్పుడు మొక్కలు కూడా మోసుకొచ్చాడు. రాయబారులు సంధిపత్రాలతో పాటు అంట్లు కూడా తెచ్చిన రోజులవి. వాటిలో లైలాక్ కూడా ఒకటని చెబుతారు. అలా వియన్నాలో దిగి, అక్కణ్ణుంచి ఇంటింటి గోడపక్కకీ పాకింది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 1870లో జరిగింది. అప్పుడు ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం. నాన్సీ అనే ఊరు జర్మన్ సైన్యం చేతికి చిక్కింది. ఆ ఊళ్ళో విక్తర్ లెమ్వాన్ అని పెద్ద పేరున్న నర్సరీ యజమాని. యుద్ధం మూలాన బేరాలు లేవు, ఊరు దాటి పోయేందుకు లేదు. చేసే పనేమీ లేక, పెరట్లో ఉన్న ముద్దపూల లైలాక్‌ని వేరే రకాలతో కలిపి కొత్తరకాలు పుట్టిద్దామనుకున్నాడు. ఆలోచన బాగానే ఉంది. చూపు ఆనదే! ముద్దపువ్వు కదా, పుప్పొడి లేదు, కీలం రేకుల మధ్య ఎక్కడో దాక్కుని ఉంటుంది. చూపు సరిగా ఉన్నవాళ్ళు నిచ్చెనెక్కి ఒక్కో చిన్న పువ్వునీ విప్పి, వేరే పువ్వు పుప్పొడి తెచ్చి లోపల అద్దాలి. ఆ పని చేసింది ఆయన భార్య మరీ లూయీ. ఊరినిండా శత్రుసైనికులు తిరుగుతుంటే ఆవిడ నిచ్చెనెక్కి పూలు విప్పుతూ కూర్చుంది. దక్కిన గింజలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా ఆ నాలుగు గింజల నుంచే ఇవాళ ప్రపంచమంతా 'ఫ్రెంచి లైలాక్' అని గొప్పగా చెప్పుకునే ముద్దపూల వంశం బయల్దేరింది. మూడు తరాల్లో ఆ కుటుంబం రెండువందలకు పైగా రకాలు పుట్టించింది. ఘనత అంతా ఆయన పేరునే చలామణీ అయిందనుకోండి, అది మనకి కొత్త సంగతేం కాదు! ఏమాటకామాటే చెప్పుకోవాలి, 1890లో పుట్టిన ఒక తెల్ల ముద్దరకానికి మాత్రం 'మదాం లెమ్వాన్' అని పేరు పెట్టారు. ఈనాటికీ అది తోటల్లో ఉంది.

అమెరికాలో హుల్డా క్లాగర్ అని మరో ఇల్లాలు. వాషింగ్టన్ రాష్ట్రంలో వుడ్‌లాండ్ అనే పల్లెలో రైతు భార్య. ఏ కాలేజీలోనూ వృక్షశాస్త్రం చదవలేదు. ఒక పుస్తకం చదివిన ఉత్సాహంలో మొదట ఆపిల్స్ మీద, 1905 ప్రాంతంలో లైలాక్‌ల మీద ప్రయోగాలు మొదలుపెట్టింది. నలభైయేళ్ళు వాటిని పిల్లల్లా సాకింది. ఏటా వసంతంలో తోట తలుపులు తెరిచి ఊళ్ళవాళ్ళందరినీ పిలిచేది. 1948లో కొలంబియా నదికి వరదొచ్చి తోటలో పెద్ద చెట్లు తప్ప మరేమీ మిగల్లేదు. లైలాక్ అన్నది ఒక్కటీ లేదు. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. అయితే ఏం, నలభైయేళ్ళుగా ఆవిడ దగ్గర మొక్కలు కొనుక్కుపోయిన వాళ్ళంతా తమ తమ ఇళ్ళల్లోంచి కొమ్మలు కత్తిరించి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1950లో, ఆవిడ మళ్ళీ తోట తలుపులు తెరిచింది. 1960లో పోయేదాకా ఆ పని మానలేదు.

ఇది చదివినప్పుడు నాకు 2009 అక్టోబరు గుర్తొచ్చింది. కృష్ణ, తుంగభద్రలు రెండూ ఒక్కసారి పొంగి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో అలంపురం దిక్కు ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళపాలయ్యాయి. రాజోలిలో మగ్గాలతో సహా ఇళ్ళు మునిగాయి. తిండిగింజలు పోయినచోట పూలమొక్కల గురించి ఎవరడుగుతారు? కానీ పెరట్లో తులసి మొదలుకొని కనకాంబరం దాకా ఆ ఆడవాళ్ళు మళ్ళీ సంపాదించుకున్నది ఏ నర్సరీలోనూ కాదు, పక్కూరి అక్కచెల్లెళ్ళ దగ్గరే అయివుంటుంది. ఇచ్చిన కొమ్మే మనది, దాచుకున్న కొమ్మ ఏటిది అనుకోవాలి కాబోలు.

సరే, మా చెల్లెలి పొట్టి లైలాక్ దగ్గరికొద్దాం. అది అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో టిమ్ వుడ్ అనే ఆయన పుట్టించిన రకం. 2010 ప్రాంతంలో అంగళ్ళకు వచ్చింది. పేరు 'బ్లూమరాంగ్'. విసిరితే తిరిగొచ్చే బూమరాంగ్ లాగా పూత తిరిగొస్తుందని ఆ పేరు. నాలుగైదు అడుగులు మించి ఎదగదు. మామూలు లైలాక్ పది పదిహేను అడుగులు పెరిగి, ఏడాదికొక్కసారి, అదీ రెండు మూడు వారాలు మాత్రం పూసి ఊరుకుంటుంది. చిన్న వాకిళ్ళవాళ్ళకి, ఆగలేనివాళ్ళకి ఈ పొట్టిది వరమే మరి.

అయితే మనకి వరం కాదు. ఎందుకో చెప్తాను. లైలాక్ ముందటేడు వేసవిలోనే మొగ్గ కట్టి నిద్రపోతుంది. కుంభకర్ణుడి నిద్ర. ఆ నిద్ర లేపేది డప్పులూ వాద్యాలూ కాదు, చలి. సుమారు 7 డిగ్రీల కన్నా తక్కువ చలి, ఒకరోజు రెండ్రోజులు కాదు, మొత్తం మీద వెయ్యి గంటలకు పైగా తగిలితేగానీ మొగ్గ విచ్చుకోదు. మన దగ్గర సంక్రాంతినాడు పది డిగ్రీలకు దిగిందంటే పేపర్లో వార్త! మంచి నర్సరీలో కొని, మంచి ఎరువు వేసి, దిష్టి తీసి పెంచినా, మహా అయితే ఆకులు వేస్తుంది, ఆ పైన మన మే నెల ఎండకి అవీ మాడతాయి. కాలిఫోర్నియాలో డెస్కాన్సో అనే తోటలో 1950ల్లో తక్కువ చలితో సరిపెట్టుకునే 'లావెండర్ లేడీ' అనే రకం పుట్టించారు. అదీ మన పాలమూరు ఎండ తట్టుకోగలదని నేననుకోను. మనదేశంలో లైలాక్‌ని చూడాలంటే హిమాలయాలకి పోవాలి. అక్కడ రెండువేల మీటర్ల పైన దాని చెల్లెలు వరస జాతి ఒకటి అడవిమొక్కగా పెరుగుతుంది.

మరి ఈ పువ్వు కోసం మొహం వాచిన దొరలూ దొరసానులూ మనదేశం వచ్చి ఏం చేశారు? దొరికిన చెట్టుకల్లా లైలాక్ పేరు తగిలించారు! మన వేపచెట్టుకి ఇంగ్లీషు పుస్తకాల్లో 'ఇండియన్ లైలాక్' అని ఒక పేరుంది. అంటే ఏటా ఉగాదినాడు మనం పచ్చడిలో లైలాక్ పూత వేసుకు తింటున్నామన్నమాట. తురకవేపకి 'పర్షియన్ లైలాక్' అని పేరు. దానికి నిజంగానే పలచటి ఊదారంగు గుత్తులొస్తాయి, వాసన కూడా ఉంటుంది కనక కొంత నయం. ఇక వాగుల పక్కన, చెలకల గట్ల మీద పెరిగే మన వావిలి ఉందే, బాలింతలకు ఆకు మరిగించి నీళ్ళు పోస్తాం చూడండి, ఆ వావిలి కంకులు దూరం నుంచి చూస్తే అచ్చు లైలాకే. దానికి ఎవరూ ఆ పేరు పెట్టినట్టు లేదు. వావిలిని చూడాలంటే వాగుగట్టుకి నడవాలి కదా, బంగళా వరండాలోంచి కనబడదు.

ఈ పేరు పెట్టించుకున్న వాటన్నిటిలోకీ దానికి తగినది చినగోరంట. 'దక్షిణాది లైలాక్' అని అమెరికాలో వేడి రాష్ట్రాలవాళ్ళు ముద్దుగా పిలుచుకునేది దీన్నే. మీలో చాలామంది చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. నర్సరీల్లో క్రేప్ మిర్టిల్ అంటారు. క్రేప్ గుడ్డని కుచ్చిళ్ళు పెట్టి కుట్టినట్టు ముడతలు పడిన రేకులు, కొమ్మ చివర జానెడు గుత్తి, గులాబీ, తెలుపు, ఊదా రంగులు. ఊదారంగుది తెచ్చి నాటితే ఏ ఎలియట్టూ వేలుపెట్టి చూపించలేడు, వాసన చూస్తే తప్ప. వాసన మాత్రం లేదు. ఆ లోపం ఒప్పుకోవాల్సిందే.

దీనికీ పెద్ద చరిత్రే ఉంది. చైనా, ఆ చుట్టుపక్కల తూర్పుదేశాలు దీని పుట్టిల్లు. 8వ శతాబ్దంలో టాంగ్ చక్రవర్తి తన సచివాలయానికి ఈ పువ్వు పేరుతోనే పలికే పేరొకటి పెట్టాడు. ఆ కచేరీ వాకిట్లో ఈ చెట్లు ఉండేవి. అక్కడ కొలువు చేసిన మహాకవి బై జుయి సాయంత్రంవేళ ఒంటరిగా ఈ పువ్వుకి ఎదురుగా కూర్చున్నట్టు పద్యం రాశాడు. చైనావాళ్ళు దీన్ని 'నూరు రోజుల ఎరుపు' అంటారు, అంతకాలం పూస్తూనే ఉంటుంది కనక. చూశారా, మళ్ళీ మళ్ళీ పూసే మొక్క కోసం మిచిగన్‌లో ఇప్పుడు పడిన శ్రమ ఈ మొక్కకు పుట్టుకతోనే అక్కర్లేకపోయింది. 1759లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయనామం పెడుతూ, తనకి తూర్పుదేశాల మొక్కలు అందించిన స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు లాగర్‌స్ట్రోమ్ పేరు మీద లాగర్‌స్ట్రోమియా అన్నాడు. రెండో మాటగా 'ఇండికా' అని తగిలించి మనదాన్ని చేసిపెట్టాడు. పుణ్యాత్ముడు!

మన తెలుగువాళ్ళు పెట్టిన పేరు మాత్రం నాకు ఆశ్చర్యం కలిగించింది. గోరంట అన్నారు. ఆషాఢమాసంలో చేతులకి పెట్టుకునే గోరింటనీ, ఈ చినగోరంటనీ శాస్త్రజ్ఞులు కూడా ఒకే కుటుంబంలో పెట్టారు. దానిమ్మ కూడా ఆ కుటుంబమే. దానిమ్మ పువ్వు రేకుల ముడతలు ఒక్కసారి గమనించి చూడండి, చుట్టరికం తెలిసిపోతుంది. అంతేకాదు, మన నల్లమలలో, అమ్రాబాద్ అడవుల్లో పెరిగే చెన్నంగి చెట్టు దీనికి సొంత అక్క. సామర్లకోటలో కంపెనీవారి తోట చూసుకున్న డాక్టర్ రాక్స్‌బర్గ్, 1795లో మొదలుపెట్టి వెలువరించిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఆ చెన్నంగిని బొమ్మతో సహా వర్ణించాడు. మన ఊళ్ళకి నాగలిమేడి అక్కరపడితే నరుక్కొచ్చిన చెట్టుకి లిన్నేయస్ ఇంటిపేరుందని మన రైతులకెవరికి తెలుసు!

మరి ఇంత మనదైన మొక్క మన నల్లగొండ, పాలమూరు ఇళ్ళ ముందు మొన్న మొన్నటిదాకా ఎందుకు లేదు? నా చిన్నప్పుడు నేను దీన్ని చూసింది పెద్ద ఆఫీసర్ల బంగళాల్లో, పార్కుల్లో. ఇళ్ళల్లో ఎప్పుడూ చూడలేదు. కారణం ఎండ కాదు, నేల కాదు. నీళ్ళు.

ఈ రెండు జిల్లాలనీ ఒకప్పుడు ఏలిన కందూరు చోడులకి ఈ సంగతి బాగా తెలుసు. పానగల్లులో ఉదయసముద్రం తవ్వించారు, ఇప్పటికీ నల్లగొండ పక్కన అది నిండుతూనే ఉంది. కానీ చెరువు అందరి గడపకీ రాదు కదా. బావినుంచి తోడి, చంకన బిందె, నెత్తిన బిందె పెట్టుకుని మోసుకొచ్చేది ఆడది. అలా మోసుకొచ్చిన నీటికి పద్దు ఉంటుంది. ముందు తాగడానికి, తర్వాత వంటకి, పశువుకి, స్నానానికి. చిట్టచివర అంట్ల నీళ్ళు పారేచోట ఒక అరటిపిలక, ఒక కరివేపాకు, ఒక మల్లెతీగ. కూరలోకి రావాలి, లేకపోతే జడలోకి రావాలి, అదీ కాకపోతే దేవుడికి పనికిరావాలి. ఈ మూడింటికీ పనికిరాని పువ్వుకి చెంబెడు నీళ్ళు పోయడమంటే దుబారా కిందే లెక్క. చినగోరంట ఆ మూడింటికీ పనికిరాదు. చూడ్డానికి మాత్రమే పనికొస్తుంది. చూడ్డం కోసం నీళ్ళు పోయగలిగింది తోటమాలిని పెట్టుకున్నవాళ్ళు.

పైగా నల్లగొండ నీళ్ళలో ఉన్నదేమిటో తెలియందెవరికి? ఇక్కడి ఫ్లోరైడ్ జబ్బు గురించి వైద్యపత్రికలో 1945లోనే రాశారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తాగిన నీళ్ళే ఎముకల్ని వంచేశాయి. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలినా, ఎత్తుమీదున్న ఈ ఊళ్ళకి ఆ కృష్ణ చాలాకాలం కంటికి కనబడే చుట్టమే, ఇంటికొచ్చే చుట్టం కాదు. దేశంలో ఎన్ని ఆనకట్టలకో మట్టి మోసిన పాలమూరు కూలీల ఇళ్ళల్లోనూ అదే కథ. 1970ల్లో నాగపూర్‌లోని నీరీ సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికాలో టాంజానియా దాకా వెళ్ళింది. ఊరి పేరు దేశాలు తిరగడమంటే ఇదీ! బకెట్టులో పటిక వేసి, కలిపి, తేరేదాకా కాపలా కాసి, పైనీళ్ళు వంచుకునే పని మాత్రం మళ్ళీ ఆడవాళ్ళ మీదే పడింది.

మా అత్తమ్మది మునుగోడు దిక్కు పల్లెటూరు. ఆవిడకి ఇప్పటికీ నల్లా తిప్పి వదిలేస్తే గుండె దడదడలాడుతుంది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేసి, ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆవిడ పుట్టిన ఊళ్ళో ఇంటిముందుకి నల్లా వచ్చిందని తెలిసిన రోజు ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి "నిజంగ వస్తున్నయారా, లేక గాలేనా?" అని మూడుసార్లు అడిగింది. అలాంటి మనిషి ఎదుట నేను చినగోరంట మొక్క తెచ్చి గుంట తీశాను.

"గిది కూరకొస్తదా?" అన్నది.

"రాదు అత్తమ్మా."

"జడల పెట్టుకునేదా?"

"కాదు."

"మరి దీనికి నీళ్ళెవలు పోస్తరు బిడ్డా? గా జాగల నాలుగు బెండగింజలు పెడితె ఇల్లంత తిందుము గదా!"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. విట్మన్ గురించీ బై జుయి గురించీ చెప్తే వింటుందా! కాబట్టి ఒక ఒప్పందానికొచ్చాం. మంచినీళ్ళు ఒక్క చుక్క పోయకూడదు. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్ళు మాత్రమే. మొక్క బతికితే బతుకుతుంది. బెండగింజలు కూడా గోడపక్కన పడ్డాయి.

బతికింది. మొదటి ఏడాది మాత్రం వారానికి మూడుసార్లయినా తడి అందాలి. వేళ్ళు దిగాక వారానికొకసారి పోసినా ఎండకి తట్టుకుంటుంది. మన ఎర్రచెలక నేల దానికి ఇష్టమే, నీళ్ళు నిలవకపోతే చాలు. నల్లరేగడి అయితే గుంటలో ఇసుక కలపాలి. కుండీలో అయితే బిందె పట్టేంత పెద్దది కావాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎండ. రోజుకి ఆరుగంటలైనా నేరుగా పడాలి. నీడన పెడితే ఆకు మీద బూడిద తెగులు వస్తుంది, పూత రాదు. లేత చివుళ్ళకి పేనుబంక పడితే వేపనూనె కొట్టండి. ఇండియన్ లైలాక్ నూనెతో దక్షిణాది లైలాక్‌కి వైద్యం!

కత్తిరింపు దగ్గరే అసలు కిటుకుంది. అసలు లైలాక్ పాతకొమ్మ మీద పూస్తుంది, కనక వేళ తప్పి కత్తిరిస్తే ఆ ఏటి పూత పోయినట్టే. చినగోరంట కొత్త చివురు మీద పూస్తుంది. మనం ఎంత కత్తిరిస్తే అంత సంతోషం దానికి. జనవరిలో ఆకు రాల్చి మోడుగా నిలబడినప్పుడు నడుమెత్తుకి తగ్గించి కత్తిరించాలి. ఎండలు ముదిరేసరికి మొదటి గుత్తులొస్తాయి. అవి వాడిపోగానే, పచ్చటి కాయలు కట్టకముందే, గుత్తికి రెండు కణుపుల కింద తుంచెయ్యాలి. కాయ కట్టనిస్తే మొక్క ఇక పని అయిపోయిందనుకుంటుంది. తుంచేస్తే నెలా నెలన్నరలో మళ్ళీ గుత్తి వేస్తుంది. అలా బతుకమ్మ పండగ దాకా రెండు మూడు పూతలు తీసుకోవచ్చు. నాలుగడుగులు దాటనివ్వకుండా ఉంచుకోవచ్చు కూడా. మా చెల్లెలు డాలర్లు పోసి కొన్నదానికి మాదేం తీసిపోలేదని ఫోటో తీసి పంపిస్తే, "అక్కా, మాది మంచుకింద ఉంది, నువ్వు కత్తిరింపులు మొదలెట్టావా?" అని జవాబు.

జనవరిలో కత్తిరించిన కొమ్మల్ని పారెయ్యకండి. పెన్సిలంత లావు కొమ్మని జానెడు పొడవు ముక్కలు చేసి, కింది కణుపు మునిగేలా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెడితే, రెండు నెలల్లో వేళ్ళు పడతాయి. పది గుచ్చితే ఆరైనా బతుకుతాయి. కిందటేడు మా వీధిలో నాలుగిళ్ళకి ఇచ్చాను. ఐదోదీ ఆరోదీ కనబడకపోతే పనిమనిషిని అడిగాను. తెలియదంది.

తర్వాత వారం అత్తమ్మ గదిలోంచి ఫోన్లో మాటలు వినబడ్డాయి. మరదలితో. "బస్సుల పంపిచ్చిన, అందినయా? ఎండల పెట్టు. నల్లా నీళ్ళు ముట్టొద్దు సుమా, గా బియ్యం గడిగిన నీళ్ళే పొయ్యాలె. ఆఁ... కూరకు రాదు. ఊకె పూస్తది."